మన జట్టు ఏది? బరంపురం నుంచి చూస్తే

బరంపురం గిరి రోడ్డులో నేను తరచూ ఆగే జెర్సీల కొట్టు ఒకటి ఉంది. ఎనిమిదడుగుల వెడల్పు కూడా ఉండదు. గుమ్మం పక్కన పేర్లూ నంబర్లూ అతికించే మెషీను, గోడ పొడుగునా మడతపెట్టిన చొక్కాల దొంతర్లు. కొట్టాయన వాటిని జట్ల వారీగా పేర్చడు, నంబర్ల వారీగా పేరుస్తాడు. ఒక దొంతరంతా ధోనీ 7, పక్కది కోహ్లీ 18, ఆ పక్కది రోహిత్ 45. ఏడో నంబరు దొంతరలో చెన్నై పసుపూ, ఇండియా నీలమూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కుర్రాళ్ళు గుమ్మంలో అడుగు పెట్టగానే "ఏ నంబరు?" అంటాడు. తెలుగువాడైతే తెలుగులో, ఒడియావాడైతే ఒడియాలో. "ఏ జట్టు?" అని అడగ్గా మాత్రం నేను ఇంతవరకూ వినలేదు.

క్రీడా జట్లను నడిపే కంపెనీలు ప్రకటనలకూ, పాటలకూ, సోషల్ మీడియాకూ కోట్లు పోస్తున్నాయి. అయినా మా ఊళ్ళో బేరం జట్టు పేరు మీద కాక ఆటగాడి నంబరు మీద ఎందుకు నడుస్తోంది? జట్టు మీద నిలిచే అభిమానం అసలు ఎలా పుడుతుంది, ఎలా పోతుంది? గంజాం జిల్లాలో ఉండే మాలాంటి తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న ఇంకాస్త చిక్కుముడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా తాతలు గీతకు ఇవతల ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. రైలెక్కితే భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ 270 పైన. ఐపీఎల్‌లో ఒడిశాకు జట్టు లేదు, ఆంధ్రకూ లేదు. మరి మా పిల్లలు ఎవరిని "మనవాళ్ళు" అనుకోవాలి?

ముందు డబ్బు లెక్క చూద్దాం. అది తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

2023 నుంచి 2027 వరకు ఐదేళ్ళ ఐపీఎల్ ప్రసార హక్కులను క్రికెట్ బోర్డు బీసీసీఐ 2022 జూన్‌లో 48,390 కోట్ల రూపాయలకు అమ్మింది. మొత్తం 410 మ్యాచులనుకుంటే ఒక్కో మ్యాచుకి 118 కోట్లు. ఇందులో పెద్ద వాటా జట్లన్నిటికీ పంచుతారు. ఇప్పుడు స్టేడియం వైపు చూడండి. 25,000 మంది వచ్చారనీ, టికెట్టు సగటున 2,000 రూపాయలనీ అనుకుందాం. అంతా కలిపితే 5 కోట్లు. అంటే ఐపీఎల్ జట్టు యజమానికి ఎండలో నిలబడి టికెట్టు కొనే మనిషి కన్నా, ఆ మనిషిని టీవీలో చూపించి తెచ్చుకునే ప్రసార సొమ్మూ స్పాన్సరు సొమ్మూ ఎన్నో రెట్లు పెద్దవి. మొదటి గిరాకీ ప్రసార సంస్థ, రెండో గిరాకీ స్పాన్సరు. ఆ లెక్కలో అభిమాని "మా దగ్గర ఇంతమంది ఉన్నారు" అని తూకంలో వేసి చూపించే సరుకు. అందుకే జట్టు ప్రచారం ఎక్కువగా సంఖ్యల వెంట పడుతుంది: ఎంతమంది ఫాలో అవుతున్నారు, ఎన్ని వ్యూస్ వచ్చాయి. బరంపురంలో ఒక కుర్రాడు పదేళ్ళుగా ఒకే జట్టును పట్టుకుని ఉన్నాడా లేదా అన్నది ఆ పద్దులో ఎక్కడా పడదు.

కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్ జట్లకు ఈ వెసులుబాటు లేదు. టీవీ సొమ్ము ఐపీఎల్ స్థాయిలో రాదు కాబట్టి మైదానానికి వచ్చేవాళ్ళూ, చొక్కా కొనేవాళ్ళూ, ఆ ఊరి వ్యాపారులూ అండగా నిలవకపోతే జట్టు బతకదు. అలాంటప్పుడు యజమానికి మిగిలే దారులు రెండే. ఒకటి మూసెయ్యడం, రెండోది మూటాముల్లే సర్దుకుని ఇంకో ఊరు పోవడం.

అలా పోయిన జట్లలో రెండు మాకు దగ్గరివే. 2019లో ఢిల్లీ డైనమోస్ అనే ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీ వదిలి భువనేశ్వర్ వచ్చి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే ఏడాది పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2021–22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడా కొట్టింది. ఆ తరవాత డబ్బు చిక్కుల్లో పడి, ఆటగాళ్ళు చెదిరిపోయి, చేతులు మారి, 2025లో ఢిల్లీ చేరి పేరు కూడా మార్చుకుంది. కప్పు గెలిచిన నాలుగేళ్ళలోపే హైదరాబాద్‌కు ఆ జట్టు లేకుండా పోయింది! "గెలిస్తే అభిమానులు వాళ్ళే వస్తారు" అని నమ్మేవాళ్ళకు ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు. మరో వైపు బెంగళూరు క్రికెట్ జట్టును చూడండి. 2008 నుంచి 2024 దాకా ఒక్క కప్పూ లేదు. 2025 జూన్ 3న, పద్దెనిమిదో సీజన్‌లో మొదటిది వచ్చింది. ఆ పదిహేడేళ్ళూ అభిమానులు చెదరలేదు. ఊరు మారలేదు, మొదటి సీజన్ నుంచి కోహ్లీ మారలేదు. పేరూ, ఎరుపు రంగూ కాస్త అటూ ఇటూ అయినా గుర్తుపట్టలేనంతగా మారలేదు.

గెలుపోటముల కన్నా ఈ నిలకడే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. దీన్ని నేను స్వయంగా అనుభవించాను.

2010 మార్చిలో హైదరాబాద్ ఐపీఎల్ జట్టు డెక్కన్ చార్జర్స్ తన సొంత మ్యాచుల్లో కొన్నిటిని కటక్ బారాబతి స్టేడియంలో ఆడింది. తెలంగాణ ఉద్యమం వల్ల ఆ ఏడాది హైదరాబాద్‌లో మ్యాచులు పెట్టలేదు. ముందటి ఏడాదే దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు కొట్టిన జట్టు. తెలుగువాళ్ళ జట్టు, ఒడిశా గడ్డ మీద ఆడుతోంది! మాకు పండగే అయింది. మేం నలుగురం రైల్లో నిలబడి వెళ్ళాం. స్టేడియం బయట ముదురు నీలం చొక్కా ఒకటి కొన్నాను, గుండెల మీద దూకుతున్న ఎద్దు బొమ్మ. 2012లో మళ్ళీ కటక్ వచ్చారు. ఆ సెప్టెంబరులోనే బీసీసీఐ ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. హైదరాబాద్ జట్టును సన్ టీవీ కొనుక్కుంది. పేరు సన్‌రైజర్స్ అయింది, నీలం పోయి నారింజ రంగు వచ్చింది. ఊరు అదే. 2016లో వార్నర్ నాయకత్వంలో కప్పు గెలిచారు, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఆ ఎద్దు బొమ్మ చొక్కా వేసుకున్నప్పటి మనసు తిరిగి రాలేదు. చొక్కా ఇంకా మా ట్రంకు పెట్టెలో ఉంది. ఎద్దు కొమ్ము దగ్గర రంగు పెచ్చులూడింది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు గుడ్డల మూటలో వేసింది, రెండుసార్లూ తీసి మళ్ళీ పెట్టెలో పెట్టాను.

అభిమానం మెట్లు మెట్లుగా ఎదుగుతుందని పరిశోధకులు ఫంక్, జేమ్స్ 2001లో ఒక నమూనా చెప్పారు. మొదట జట్టు ఉందని తెలుస్తుంది. తరవాత నచ్చుతుంది. ఆపైన అది మన జీవితంలో భాగమవుతుంది. చివరికి ఏం జరిగినా విడవలేని స్థితి వస్తుంది. ప్రకటనలు చేయగలిగింది చాలావరకు మొదటి రెండు మెట్ల దగ్గరే. టీవీలో పాట వేస్తే జట్టు ఉందని తెలుస్తుంది, మంచి ఆటగాణ్ణి కొంటే నచ్చుతుంది. మూడో మెట్టుకు కాలం కావాలి, జ్ఞాపకాలు కావాలి. ఎవరితో కలిసి చూశాం, ఏ రైల్లో వెళ్ళాం, ఓడిన రాత్రి ఇంట్లో ఎవరు అన్నం తినలేదు, ఇవన్నీ పోగుపడాలి. పేరో ఊరో మార్చిన ప్రతిసారీ ఆ పోగు మళ్ళీ మొదటికొస్తుంది.

జట్టు పోయినా జ్ఞాపకం పోకపోతే ఏమవుతుందో ఇంగ్లండులో చూశాం. వింబుల్డన్ ఫుట్‌బాల్ జట్టును మిల్టన్ కీన్స్ అనే ఇంకో ఊరికి తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు ఊరుకోలేదు. ఆ ఏడాదే సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే జట్టు పెట్టుకున్నారు. ఊరి మైదానంలో ఎవరైనా రావచ్చని చాటి ఆటగాళ్ళను ఎంచుకున్నారు. తొమ్మిదో అంచె లీగు నుంచి మొదలుపెట్టి 2011కల్లా ఇంగ్లండు ప్రధాన లీగుల్లోకి ఎక్కారు. తరలిపోయిన జట్టుకు లైసెన్సు దక్కింది, అభిమానుల్లో ఎక్కువమంది మాత్రం వెంట వెళ్ళలేదు.

ఇక వేలంపాట. ఆటగాళ్ళు కొన్నేళ్ళకోసారి మూకుమ్మడిగా వేలానికి వెళ్తే లీగులో సమతూకం ఉంటుంది, డబ్బున్న జట్టే ఏటా గెలవకుండా ఉంటుంది. అది మంచిదే. కానీ చొక్కా కొన్న పిల్లవాడికి దాని దెబ్బ ఎలా తగులుతుందో నేను దగ్గరుండి చూశాను. 2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ సీజన్ విశాఖలో మొదలైంది. ఏడేళ్ళ తరవాత విశాఖకు వచ్చిన కబడ్డీ. మొదటి ఆటే తెలుగు టైటాన్స్‌కీ తమిళ్ తలైవాస్‌కీ. మా మేనల్లుడు పదో తరగతి, ఊళ్ళో చెడుగుడు బాగా ఆడతాడు. వాడికి పవన్ సెహ్రావత్ అంటే ప్రాణం. 2023లో టైటాన్స్ అతణ్ణి 2 కోట్ల 60 లక్షల పైచిలుకు ఇచ్చి కొన్నప్పుడు వీడు టైటాన్స్ వీరాభిమాని అయ్యాడు. ఇద్దరం రైల్లో విశాఖ వెళ్ళాం. ఆటగాళ్ళు మ్యాటు మీదికి వచ్చారు. పవన్ తలైవాస్ చొక్కాలో ఉన్నాడు.

వాడికి విషయం ముందే తెలుసు, ఫోన్లో చదివాడు. అయినా కళ్ళారా చూసేసరికి మొహం వాడిపోయింది. పవన్ మొదటి రైడుకి వచ్చినప్పుడు చుట్టూ అందరూ అరుస్తున్నారు, వీడు చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు ఎవరికి కొట్టాలి మావయ్యా చప్పట్లు?" అన్నాడు. ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. ఆ రోజు తలైవాస్ గెలిచింది. తిరుగు రైల్లో ఇచ్ఛాపురం దాటేదాకా వాడు నోరు విప్పలేదు.

ఆటగాణ్ణి ప్రేమించే పిల్లవాణ్ణి జట్టును ప్రేమించేవాడిగా మార్చడమే జట్టు ప్రచారంలో అసలు పని. చెన్నై ఆ పనిలో ఆరితేరింది. ధోనీ మొదటి సీజన్ నుంచీ అక్కడే. జట్టు మీద నిషేధం పడి 2016, 2017ల్లో ఆడకపోయినా 2018లో తిరిగొస్తే అభిమానులంతా ఉన్న చోటే ఉన్నారు. ఆ ఏడాది కావేరీ గొడవ వల్ల సొంత మ్యాచులు పుణెకు మార్చాల్సి వస్తే, చెన్నై నుంచి దాదాపు వెయ్యిమంది అభిమానుల కోసం ఒక రైలే వేశారు. దాని ఖర్చు పెద్ద జట్టుకు లెక్కలోది కాదు. కానీ ఆ రైల్లో కూర్చున్న మనిషి ఆ జట్టును ఎప్పటికైనా మరుస్తాడా? ఆ నిలకడ ఫలితం 2024 మార్చి 31న విశాఖలో కళ్ళకు కట్టింది. లెక్క ప్రకారం అది ఢిల్లీ క్యాపిటల్స్ సొంత మ్యాచు. ఢిల్లీ జట్టులో సగం వాటా జీఎంఆర్‌ది, ఆ సంస్థ పెద్ద గ్రంధి మల్లికార్జునరావు పుట్టింది మన ఉత్తరాంధ్ర రాజాంలో. తెలుగువాళ్ళు ఇంట్లో పిల్లాడిలా చూసుకున్న వార్నర్ ఆ రోజు ఢిల్లీకి ఆడుతూ 52 కొట్టాడు. గెలిచింది కూడా ఢిల్లీయే. అయినా స్టేడియమంతా పసుపే! 2005లో పాకిస్తాన్ మీద ఇదే విశాఖలో 148 కొట్టిన ధోనీని ఆ ఊరు మర్చిపోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఢిల్లీ జట్టు విశాఖను ఇల్లు చేసుకోవాలంటే ఏడాదికి రెండు మ్యాచులు చాలవు.

పేరు దగ్గర కూడా పెద్ద సంగతే ఉంది. మన దేశంలో జట్లకు ఎక్కువగా నగరం పేరో రాష్ట్రం పేరో పెడతారు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. రెండు నెలలు తిరక్కుండానే ప్రో కబడ్డీ మొదలైంది, జట్టు పేరు తెలుగు టైటాన్స్. ఏ రాష్ట్రమూ కాదు, భాష. యజమానులు ఏ ఆలోచనతో పెట్టినా, మాకు మాత్రం ఆ పేరు తలుపు తీసింది. "హైదరాబాద్" అంటే మేం బయటివాళ్ళం. "ఆంధ్ర" అన్నా బయటివాళ్ళమే. "తెలుగు" అంటే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, అటు సిరోంచ, షోలాపూర్ కూడా లోపలికి వచ్చేస్తాయి. ఒక్క మాటతో అంత మార్కెట్టు. అయినా ఇన్నేళ్ళలో ఆ జట్టు బొమ్మ ఉన్న ఒక్క బ్యానరు నేను మా ఊళ్ళో చూడలేదు. జట్లు రాష్ట్రాల పటం పెట్టుకుని ప్రచారం చేస్తాయి, ఒడిశా గీత దగ్గర వాళ్ళ పటం ఆగిపోతుంది.

ఆ గీత మా ఇంటి మధ్యలోంచి పోయిన రాత్రి ఒకటుంది. 2022 సెప్టెంబరు 4, అల్టిమేట్ ఖోఖో మొదటి సీజన్ ఫైనల్. ఒడిశా జగర్‌నాట్స్, తెలుగు యోధాస్. ఊరంతా ఇండియా, పాకిస్తాన్ ఆసియా కప్ మ్యాచు చూస్తోంది. మా ఇంట్లో మాత్రం అమ్మ ఖోఖో పెట్టమని పట్టుబట్టింది, చిన్నప్పుడు బళ్ళో ఆడిన ఆట మరి. అమ్మ యోధాస్ వైపు, మేనల్లుడు జగర్‌నాట్స్ వైపు. జగన్నాథుడి పేరులోంచి వచ్చిన మాట కదా, "మన ప్రభువు జట్టు అమ్మమ్మా, ఎలా వదులుతాం?" అంటాడు వాడు. చివరి క్షణాల్లో ఒడిశా ఆటగాడు గాల్లోకి దూకి పట్టిన పట్టుతో 46–45. ఒక్క పాయింటు! అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి వాడి నోట్లో చక్కెర పోసింది.

మార్కెటింగ్ వాళ్ళ లెక్కలో ఇలాంటి ఇల్లు నమ్మకం లేని ఇల్లు. ఫుట్‌బాల్‌కీ హాకీకీ ఒడిశా, కబడ్డీకి తెలుగు, క్రికెట్‌కి చెన్నైయో బెంగళూరో. నేను దీన్ని నిలకడ లేకపోవడం అనుకోను. పెళ్ళయిన ఆడపడుచుకు పుట్టిల్లూ మెట్టిల్లూ రెండూ ఉన్నట్టే మాకూ రెండున్నాయి. ఒకదాన్ని ప్రేమిస్తే రెండోది తరిగిపోదు. రెండు భాషల్లోనూ పలకరించే జట్టుకు మా దగ్గర రెట్టింపు చోటుంది. ఈ సంగతి ప్రసార సంస్థలే ముందు పసిగట్టాయి. 2018 డిసెంబరులో తెలుగు స్పోర్ట్స్ చానల్ వచ్చింది. 2023 ఐపీఎల్‌ను ఫోన్లో పన్నెండు భాషల్లో ఇచ్చారు, అందులో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. మా ఇంట్లో టీవీ తెలుగులో, మేనల్లుడి ఫోన్ ఒడియాలో నడుస్తాయి. ఫోన్లో బంతి కాస్త ఆలస్యంగా పడుతుంది కాబట్టి ఒకే సిక్సరుకు రెండుసార్లు సంబరం.

"మేము" అనే మాట మీద ఒక పాత పరిశోధన ఉంది. 1976లో చియాల్డిని అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికా విశ్వవిద్యాలయాల్లో చూశాడు: తమ జట్టు గెలిచిన వారాంతం తరవాతి సోమవారం విద్యార్థులు కాలేజీ గుర్తున్న బట్టలు ఎక్కువగా వేసుకొస్తున్నారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు "మేము" అంటారు, ఓటమి దగ్గరికొచ్చేసరికి ఆ "మేము" తగ్గిపోతుంది. గెలుపు మీద మాత్రమే ఆధారపడ్డ ప్రచారం ఈ సోమవారపు అభిమానులనే పోగేస్తుంది. ఓడినా "మేము" అనేవాళ్ళు కావాలంటే ఏం చెయ్యాలి?

నాకు దీని జవాబు మా ఊరి జాతరలోనే కనిపిస్తుంది. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి యాత్ర వారాల తరబడి సాగుతుంది. అమ్మవారు నేతకారుల వీధిలో దేశిబెహెరా ఇంటికి, పుట్టింటికొచ్చే ఆడపిల్లలా వస్తుంది. మొక్కున్నవాళ్ళు వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు, ఏ వీధికి ఆ వీధి రథం కడుతుంది. ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ అన్న తేడా ఎవరూ చూడరు. పులి వేషానికి ఒంటి నిండా రంగు పూసుకున్నవాడు ఆ యాత్రను బయట నిలబడి చూసినవాడు కాదు. ఊరు వదిలి సూరత్ పోయినవాడు కూడా ఆ నెల సెలవు పెట్టి వస్తాడు. ఎవరి ప్రకటనా చూసి రాడు, తన వంతు పని ఉందని వస్తాడు. జట్లు అభిమానికి ఇవ్వనిది ఈ వంతే.

అది ఇవ్వడానికి కోట్లు అక్కర్లేదు. విశాఖలో ఆట ఉన్న రోజు బరంపురం నుంచి పలాస, శ్రీకాకుళం మీదుగా ఒక బస్సు. ఏడాదికోసారి మా మైదానంలో కుర్రాళ్ళకు ఎంపిక పోటీలు. ఇక్కడి చెడుగుడు పిల్లల్లోంచి ఒక్కడు జట్టు శిబిరానికి వెళ్ళినా చాలు, జిల్లా అంతా ఆ జట్టును తలకెత్తుకుంటుంది. మ్యాచులు జరగని ఊళ్ళలో పెద్ద తెరలు కట్టి చూపించే ఫ్యాన్ పార్కులు బీసీసీఐ 2015 నుంచీ నడుపుతోంది, కబడ్డీ జట్టు ఆ పని చిన్నగా చేయలేదా? అన్నిటికన్నా ముందు, ఎవర్ని వదులుకున్నారో, ఎందుకు వదులుకున్నారో అభిమానికి తెలుగులో, ఒడియాలో నాలుగు ముక్కలు నేరుగా చెప్పాలి. పిల్లవాడు ఆ వార్తను ఫోన్లో వేలంపాట జాబితాలో చదువుకోకూడదు.

విశాఖ నుంచి వచ్చిన పది రోజులకు మేనల్లుడు నన్ను గిరి రోడ్డు కొట్టుకు లాక్కుపోయాడు. టైటాన్స్ చొక్కా కావాలన్నాడు. కొట్టాయన అలవాటుగా "ఏ నంబరు?" అన్నాడు.

"నంబరు వద్దన్నా. వెనకాల బరంపురం అని వెయ్యండి."

"తెలుగులోనా, ఒడియాలోనా?"

వాడు నా వైపు చూశాడు. అక్షరానికి పదిహేను రూపాయలు. తెలుగులో నాలుగు, ఒడియాలో నాలుగు. నూట ఇరవై తీసి బల్ల మీద పెట్టాను.